ప్రైమరీలో మీ అభ్యర్థికి పనిచేయాలంటే: టెక్సస్ తెలుగువాళ్లకు మెట్టు మెట్టుగా

రెండేళ్లకోసారి, సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే ఫోన్లు మొదలవుతాయి. "ఫలానా ఆయన మన స్టేట్ హౌస్ సీటుకి ప్రైమరీలో నిలబడ్డాడు, మంచోడు. మేమేం చేయాలి?" అడిగేవాళ్లది డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్. ఒక్కొక్కరికి విడిగా చెప్పీ చెప్పీ గొంతు పోయింది కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మీ అభ్యర్థి ఏ పార్టీ అయినా పని ఒకటే.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కాలి. మన ఊళ్లో టికెట్ పార్టీ ఇస్తుంది, బీ-ఫారం ఎవరి చేతిలో పడితే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ ఆ బీ-ఫారం ఓటరు చేతిలో ఉంటుంది. ప్రైమరీ అంటే అదే. ఆ ఓటు వేసేవాళ్లు మాత్రం చాలా తక్కువ. 2022 మార్చిలో టెక్సస్‌లో 1.7 కోట్లకు పైగా రిజిస్టర్డ్ ఓటర్లుంటే, రెండు పార్టీల ప్రైమరీలూ కలిపి ఓటేసింది 30 లక్షల మంది. వర్జీనియాలో 2025 జూన్‌లో జరిగిన లెఫ్టినెంట్ గవర్నర్ డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు పోటీపడితే, హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ ఒక్క శాతం కూడా లేని తేడాతో బయటపడ్డారు.

ఇంత తక్కువ మంది వేసేచోట మీ చేతిలో నలభై పేర్ల కాగితం ఉంటే, అది నలభై కార్ల ర్యాలీ కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఈ గైడ్ అంతా ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది.

## 1. ముందు మీ స్టేటస్ చూసుకోండి

ఇది దాటవేసి ఎవరూ కింది మెట్టుకి వెళ్లొద్దు.

- పౌరులు: ఓటు, చందా, వాలంటీర్ పని అన్నీ చేయొచ్చు.
- గ్రీన్ కార్డు: ఓటు లేదు. చందా ఇవ్వొచ్చు, పని చేయొచ్చు.
- హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వగైరా: ఓటు లేదు, చందా ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా సాయం చేయొచ్చు. కానీ డబ్బు ఎక్కడ పెట్టాలి లాంటి క్యాంపెయిన్ నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు.

"నీ పేరు మీద కట్టేయ్, నేను నీకు జెల్ (Zelle)లో డబ్బు పంపిస్తా" అనే స్నేహితుడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం నేరం. వీసా మీద ఉన్నవాళ్లకే కాదు, పౌరులకూ అంతే.

పౌరులు కానివాళ్లు పొరపాటున కూడా ఓటరుగా నమోదు కావొద్దు. డ్రైవర్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు నమోదు గురించి అడిగితే వద్దనే చెప్పాలి. పౌరసత్వ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని ప్రత్యేకంగా అడుగుతారు. ఆ ఒక్క టిక్కు పౌరసత్వానికే అడ్డం రావచ్చు, దేశం నుంచి పంపేసే దాకా కూడా వెళ్లొచ్చు.

నా మొదటి ప్రైమరీలో నేను చేసిన ఘనకార్యం చెప్తాను. రెండు వందల మందికి పైగా ఉన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో చందా లింకు పడేశాను. సాయంత్రానికి పాతిక మంది కట్టారు, ఛాతీ ఉబ్బిపోయింది. మర్నాడు క్యాంపెయిన్ నుంచి ఫోన్. అందులో తొమ్మిది మంది వీసా మీద ఉన్నవాళ్లు. తొమ్మిదీ వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ రోజంతా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సారీ చెప్పడమే నా పని.

ఇంకొకటి. గుడి, తెలుగు సంఘం లాంటివి చాలా వరకు 501(సి)(3) సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉండి, అభ్యర్థుల ప్రచారంలో దిగకూడనివి. వాటి వేదిక మీద, వాటి మెయిలింగ్ లిస్టులో, వాటి పేరు మీద ఒక అభ్యర్థికి మద్దతు అడగొద్దు. మీరు సంఘం కార్యవర్గంలో ఉన్నా సరే, ఇది మీ సొంత హోదాలో చేసే పని.

## 2. మీ జిల్లా ఏది, బ్యాలెట్ ఏది

టెక్సస్ హౌస్‌లో (రాష్ట్ర శాసనసభ దిగువ సభ) 150 సీట్లు. ఒక్కో సీటుకి ఒక జిల్లా, అంటే మన నియోజకవర్గం లాంటిది; ఒక్కో జిల్లాలో సుమారు 1.94 లక్షల జనాభా. హద్దులు ఊరి పేరును బట్టి ఉండవు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో ఉంటే కొంత డెంటన్ కౌంటీలో ఉంది. పిల్లలిద్దరూ ఒకే స్కూల్లో చదువుతున్నా, మీ ఓటూ మీ స్నేహితుడి ఓటూ వేర్వేరు సీట్లకు పడొచ్చు. శాసనసభ వెబ్‌సైట్లో అడ్రస్ కొడితే మీ ప్రతినిధులెవరో, జిల్లా నంబరెంతో వస్తుంది. ఊహించుకోవద్దు, కొట్టి చూడండి.

టెక్సస్‌లో ఓటరు నమోదుకి పార్టీ ఉండదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే చెప్తారు. ఒకటే తీసుకోవాలి. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవాళ్లు మే నెల రనాఫ్‌లో (ఎవరికీ సగానికి పైన రాకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో పోటీ) రెండో పార్టీకి వేయలేరు. నవంబర్లో మాత్రం ఎవరికైనా వేసుకోవచ్చు.

చాలామందికి దీని మీదే టెన్షన్: "ఎవరికి వేశానో తెలిసిపోతుందా?" ఎవరికి వేశారన్నది రహస్యం. ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది మాత్రం పబ్లిక్ రికార్డు. ఈ రెండూ విడదీసి చెప్పండి. సగం చెప్పి ఊరుకుంటే తర్వాత వాళ్లు మీ మాట నమ్మరు.

## 3. క్యాలెండర్ ఫ్రిజ్ మీద అంటించండి

ప్రైమరీ సరి సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం. 2026 తేదీలు నమూనాగా ఇస్తున్నాను:

- అభ్యర్థుల దరఖాస్తు గడువు: 2025 డిసెంబర్ 8
- ఓటరు నమోదు చివరి రోజు: ఫిబ్రవరి 2 (లెక్క ప్రకారం ఎన్నికకు 30 రోజుల ముందు; అది ఆదివారం కాబట్టి సోమవారానికి జరిగింది)
- ఎర్లీ ఓటింగ్ (ఎన్నిక రోజుకి ముందే వెళ్లి వేయడం): ఫిబ్రవరి 17 నుంచి 27
- పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తు ఆఫీసుకు చేరాల్సిన రోజు: ఫిబ్రవరి 20
- ప్రైమరీ: మార్చి 3
- రనాఫ్: మే 26

తర్వాతి ఎన్నికలకు ఇవే తేదీలని అనుకోవద్దు. ప్రతిసారీ కౌంటీ ఎలక్షన్స్ ఆఫీస్ పేజీలో మళ్లీ చూసి రాసుకోండి.

పని వెనక నుంచి లెక్కేయండి. నమోదు పని జనవరిలో అయిపోవాలి. తలుపులు తట్టడం జనవరి రెండో వారం నుంచి. ఎర్లీ ఓటింగ్ మొదలయ్యాక కొత్తవాళ్లను ఒప్పించడం మానేసి, ఒప్పుకున్నవాళ్ల చేత వేయించడమే పని. ఫిబ్రవరి ఆఖర్లో మేల్కొని "ఏమైనా చేద్దాం" అనేవాళ్లకు యార్డ్ సైన్ (ఇంటి ముందు పాతే బోర్డు) ఇచ్చి పంపించడం తప్ప ఎవరూ ఏమీ చేయలేరు.

## 4. క్యాంపెయిన్‌కు చెప్పి మొదలుపెట్టండి

అభ్యర్థి ఆఫీసుకు ఫోన్ చేసి వాలంటీర్ కోఆర్డినేటర్ ఎవరో కనుక్కోండి. మూడు ముక్కలు చెప్పండి: వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఏ పేటలు బాగా తెలుసు, ఏ భాషలు వచ్చు. "ఏదైనా చేస్తాను సార్" అంటే ఏమీ రాదు.

మాటిచ్చే ముందు అభ్యర్థి గురించి ఓ అరగంట చదవండి. ఎవరెవరు చందాలిచ్చారో టెక్సస్ ఎథిక్స్ కమిషన్ రిపోర్టుల్లో ఉంటుంది. తలుపు దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు.

సొంతంగా తెలుగు కరపత్రం అచ్చేయించొద్దు. ఎవరు ఖర్చు పెట్టారో దాని మీద ఉండాలి, లెక్కల్లో చూపించాలి. మీరు తర్జుమా చేసి ఇవ్వండి, అచ్చు క్యాంపెయిన్ చూసుకుంటుంది.

## 5. నలభై పేర్ల కాగితం

అసలు పని ఇదే. ఫోన్ కాంటాక్ట్స్ తెరిచి, మీరు పేరు పెట్టి పిలవగలిగిన, మీ ఫోన్ ఎత్తే నలభై మందిని రాయండి. ఎక్సెల్ అయినా పర్లేదు, పిల్లల రూల్డ్ నోట్‌బుక్ అయినా పర్లేదు. ఐదు గడులు చాలు:

1. పేరు
2. పౌరులా? నమోదయ్యారా?
3. మన జిల్లాయేనా?
4. ఇంతకుముందు ప్రైమరీలో వేశారా?
5. ఎప్పుడు, ఎక్కడ వేస్తారు?

నా కాగితంలో ఒక వరుస ఇలా ఉండేది: "శ్రీను అన్న, వదిన. ఇద్దరూ పౌరులు. అన్న నమోదు ఉంది, వదినది పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ మీద. జిల్లా మనదే. నవంబర్లో వేశారు, మార్చిలో ఎప్పుడూ లేదు. శనివారం పొద్దున, పిల్లాడి క్రికెట్ అయ్యాక, లైబ్రరీలో." ఐదో గడి ఇంత వివరంగా నిండితే ఆ ఓటు పడ్డట్టే. "చూస్తాంలే" అని ఉంటే పడనట్టే.

నలభై రాశాక కొట్టివేతలు మొదలవుతాయి. పౌరులు కానివాళ్లు, పక్క జిల్లావాళ్లు పోగా పద్దెనిమిది మిగిలితే కంగారు పడకండి, అందరికీ అంతే. ఆ పద్దెనిమిది మందిలో ఒక్కొక్కరినీ ఇంకో ఇద్దరి పేర్లు అడగండి.

నమోదు సరిచూడటం. ప్రతి పేరుకీ రాష్ట్ర వెబ్‌సైట్లో నమోదు ఉందో లేదో వాళ్లచేతే చూపించండి. టెక్సస్‌లో కొత్త నమోదు పూర్తిగా ఆన్‌లైన్లో అవదు. లైసెన్స్ రెన్యువల్‌తో పాటు చేసుకునేది మినహాయిస్తే, సంతకం పెట్టిన కాగితం ఫారం పోస్టులో వెళ్లాలి, లేదా ఆఫీసులో ఇవ్వాలి. నింపిన ఫారాలు మీరే పోగుచేసి తీసుకెళ్లాలంటే కౌంటీ దగ్గర వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం ఉండాలి, అందుకు మీరు పౌరులై ఉండాలి. తీసుకున్న ఫారం ఐదు రోజుల్లోపు అందించాలి. ఆ నియామకం లేకపోతే ఖాళీ ఫారం ఇచ్చి, వాళ్లచేతే పోస్టు చేయించండి.

మన పేర్ల గొడవ. వెంకట సత్యనారాయణ అనే పేరు లైసెన్స్ మీద ఒక రకంగా, ఓటరు కార్డు మీద ఇంకో రకంగా విరిగి ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. పోలింగ్ దగ్గర పేర్లు దాదాపు ఒకటేలా ఉంటే ఒప్పుకుంటారు, ఒక సంతకమో ఇనీషియలో అడుగుతారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. చెప్పకపోతే సిబ్బంది రెండోసారి పేరు అడగ్గానే మా మామయ్యలా "ఎందుకొచ్చిన గొడవ" అని వెనక్కి తిరిగి వచ్చేస్తారు.

## 6. తలుపు తట్టడం

క్యాంపెయిన్ మీకు ఒక యాప్ ఇస్తుంది, అందులో వాక్ లిస్ట్ ఉంటుంది. వీధిలో అన్ని ఇళ్లూ ఉండవు. ఇంతకుముందు ఆ పార్టీ ప్రైమరీలో వేసినవాళ్లు, వేసే అవకాశం ఉన్నవాళ్లు మాత్రమే ఉంటారు. లిస్టులో లేని ఇల్లు తెలుగువాళ్లదని తోరణం చూసి ఆగిపోకండి. ఆ ఆగడాల్లోనే గంట పోతుంది.

ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒకరు ఆడవాళ్లయితే తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి, ఇది నా అనుభవం. బెల్ కొట్టి రెండడుగులు వెనక్కి జరిగి, కెమెరాలో ముఖం కనపడేలా నిలబడండి.

ఒక మాటల వరుస, దాదాపు జరిగింది జరిగినట్టు:

"నమస్తే అంకుల్. నేను పక్క కాలనీలోనే ఉంటాను. మార్చి 3న ప్రైమరీ ఉంది కదండీ..."

"మేం రాజకీయాల్లో లేం బాబూ."

"అయ్యో, నేనూ లేనండీ. మా పాప స్కూలు పక్క రోడ్డు సంగతి మీద ఈయన దగ్గరికి వెళ్తే కూర్చోబెట్టి విన్నారు. అందుకే తిరుగుతున్నా. మీకు ఈ పేటలో ఏది ఇబ్బందిగా ఉందండీ?"

"ప్రాపర్టీ ట్యాక్స్! నాలుగేళ్లలో ఎంతైందో తెలుసా?"

ఇక్కడ నోరు మూసుకుని వినాలి. ఆయన రెండు నిమిషాలు మాట్లాడాక, అభ్యర్థి ఆ విషయం మీద ఏమంటున్నారో రెండు వాక్యాల్లో చెప్పి, ఆఖరి ప్రశ్న వేయాలి: "ఎర్లీ ఓటింగ్‌లో వేస్తారా, మంగళవారం వేస్తారా అండీ?" వేస్తారా అని అడగొద్దు. ఎప్పుడు అని అడగండి.

ప్రతి తలుపు తర్వాత అక్కడే యాప్‌లో నొక్కండి. మనవాడు, ఊగిసలాట, అవతలివాడు, ఇంట్లో లేరు. "సాయంత్రం కూర్చుని నింపుదాం" అంటే పన్నెండో ఇంటికే ఎవరెవరో కలిసిపోతారు.

చేయకూడనివి:

- కరపత్రం పోస్టు డబ్బాలో పెట్టడం. స్టాంపు లేనిది అందులో పెట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. తలుపు సందులో పెట్టండి.
- పోటీలో ఉన్నవాళ్లను తిట్టడం. ప్రైమరీలో అందరూ ఒకే పార్టీవాళ్లు. ఇవాళ అవతల ఉన్న ఓటరు రనాఫ్‌లో మీకే కావాలి.
- "మనవాళ్లే" అన్న ఒక్క ముక్క మీద ఓటు అడగడం. ఎవరి కులం ఏది, ఇండియాలో ఎవరిది ఏ జిల్లా అన్న ఆరా గుమ్మం దాకా తేవొద్దు. ఇక్కడి రోడ్డుకీ స్కూలుకీ దానితో పనిలేదు.

చలి బాగా ఉన్న రోజుల్లో సాయంత్రం ఐదున్నర దాటితే ఎవరూ తలుపు తీయరు. శనివారం పదకొండు నుంచి రెండు, ఆదివారం రెండు నుంచి ఐదు మంచి వేళలు.

## 7. వాట్సాప్

గ్రూపులో పడేసిన ఫార్వర్డ్ ఓటు తేదు. నలభై మందికి నలభై మెసేజ్‌లు, పేరు పెట్టి, ఒక్కో ప్రశ్నతో. "వదినా, మీ అడ్రస్ మార్పు అయిందా?" అంటే జవాబొస్తుంది. అభ్యర్థి ఫొటోకి దండం బొమ్మలు వస్తాయి, అంతే.

## 8. ఇంట్లో మీటింగ్, డబ్బు లెక్క

పదిహేను మందిని పిలవండి, తొమ్మిది మంది వస్తారు, చాలు. అభ్యర్థి ఇరవై నిమిషాల కంటే ఎక్కువ మాట్లాడకుండా చూడండి, ప్రశ్నలకు అరగంట వదలండి. శాలువాలు, బొకేలు, స్టేజీ మీదికి ఆహ్వానాలు వద్దు. ఒకసారి శాలువాల కార్యక్రమమే నలభై నిమిషాలు పట్టి, ప్రశ్నలు అడగడానికి వచ్చిన ఇద్దరు పక్కింటివాళ్లు సమోసా తిని వెళ్లిపోయారు.

డబ్బు విషయంలో:

- టెక్సస్‌లో శాసనసభ అభ్యర్థికి వ్యక్తిగత చందాకు పరిమితి లేదు. కార్పొరేషన్ నుంచి మాత్రం తీసుకోకూడదు. మీ కన్సల్టింగ్ కంపెనీ చెక్కు వద్దు, సొంత ఖాతా నుంచే.
- ఇచ్చేవారి పేరు, అడ్రస్, ఉద్యోగం రాయించండి.
- మీటింగుకు పెట్టే ఖర్చు కూడా చందా కిందికి రావచ్చు. ఎంతైందో క్యాంపెయిన్‌కు ముందే చెప్పండి. వీసా మీద ఉన్న స్నేహితుడి చేత బిర్యానీ ట్రేలు తెప్పించొద్దు.

## 9. ఓటు వేయించడం

ఎర్లీ ఓటింగ్ మొదటి రోజు మీరు వేసి రండి. అప్పుడు క్యూ ఎంతుందో, పార్కింగ్ ఎక్కడో సొంతంగా చెప్పగలరు. ఆ సాయంత్రం నుంచి కాగితం తీసి, వేసినవాళ్ల పేర్లు కొట్టేస్తూ పోండి. ఎర్లీ ఓటింగ్‌లో ఎవరు వేశారన్నది కౌంటీ ఏరోజుకారోజు బయటపెడుతుంది కాబట్టి క్యాంపెయిన్ దగ్గర కూడా జాబితా ఉంటుంది. మిగిలినవాళ్లకే ఫోన్ చేయండి.

పెద్దవాళ్ల పోస్టల్ బ్యాలెట్. 65 నిండిన పౌరులు అడగొచ్చు. దరఖాస్తులోనూ, బ్యాలెట్ కవరు మీద మడత కిందా లైసెన్స్ నంబరో సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలో రాయాలి. నమోదప్పుడు ఏది ఇచ్చారో గుర్తులేకపోతే రెండూ రాయడం మంచిది. ఈ నిబంధన వచ్చాక జరిగిన మొదటి ప్రైమరీ 2022 మార్చిది. అందులో 24 వేలకు పైగా పోస్టల్ బ్యాలెట్లు తిరస్కరించారు. ఎక్కువ వాటికి కారణం ఆ నంబరే. ఎలా నింపాలో మాటల్లో చెప్పండి, కానీ పక్కింటి తాతగారి బ్యాలెట్ కవరు మీ చేత్తో పట్టుకోవద్దు, పోస్టు చేయొద్దు.

ఇంగ్లిష్ చదవలేని అమ్మానాన్నలు. లోపల సాయానికి కూతురో కొడుకో వెళ్లొచ్చు. అక్కడ ప్రమాణం చేసి, పేరూ చుట్టరికమూ రాయాలి. ఓటరు పనిచేసే కంపెనీ యజమాని మాత్రం సాయం చేయకూడదు.

పోలింగ్‌కు వెళ్లే ముందు అందరికీ పంపాల్సిన లిస్టు:

- టెక్సస్ లైసెన్స్ లేదా అమెరికా పాస్‌పోర్టు. ఇండియా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు పనికిరావు.
- అభ్యర్థుల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఓటు వేసే చోటికి 100 అడుగుల లోపల ఫోన్ వాడనివ్వరు.
- అభ్యర్థి పేరున్న టీషర్టు, టోపీ, బ్యాడ్జి వద్దు. ద్వారానికి 100 అడుగుల లోపల ప్రచారం నిషేధం. మెడలో కండువా అలవాటున్నవాళ్లు కారులోనే వదిలి రండి.
- మంగళవారమైతే ఏ కేంద్రంలో వేయాలో ఆ రోజు పొద్దున మళ్లీ చూసుకోండి. కొన్ని కౌంటీల్లో ఎక్కడైనా వేయొచ్చు, కొన్నిచోట్ల మీ ప్రీసింక్ట్‌లోనే (మీ అడ్రస్‌కి కేటాయించిన పోలింగ్ ప్రాంతం) వేయాలి.
- సాయంత్రం ఏడు గంటలకు క్యూలో ఉంటే వేయనిస్తారు. జనం ఎక్కువున్నారని వెనక్కి రావొద్దు.

## 10. రాత్రి లెక్క తేలాక

ఎవరికీ సగానికి పైన రాకపోతే మొదటి ఇద్దరికీ మే నెలలో రనాఫ్. ఎర్లీ ఓటింగ్ అప్పుడు ఐదు రోజులే, వేసేవాళ్లు ఇంకా తగ్గుతారు. మార్చిలో అసలు వేయనివాళ్లు రనాఫ్‌లో ఏ పార్టీకైనా వేయొచ్చు. మధ్యలో పౌరసత్వ ప్రమాణం చేసినవాళ్లు గడువులోపు నమోదైతే వాళ్లూ వేయొచ్చు. కాబట్టి కాగితంలో కొట్టేసిన పేర్లు మళ్లీ చూడండి. మే చివర చాలామంది పిల్లల సెలవులకు ఇండియా టికెట్లు కొనుక్కుని ఉంటారు. వాళ్ల ప్రయాణం తేదీ మార్చిలోనే అడిగి, కాగితంలో ఆరో గడి ఒకటి గీసి రాసుకోండి.

మీ అభ్యర్థి బయటికెళ్లిపోతే కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి, యాప్ నుంచి తప్పుకుని, మిగిలిన కరపత్రాలు తిరిగివ్వండి. యార్డ్ సైన్లు సొంత స్థలంలో ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి ఎన్నిక తర్వాత తొమ్మిదో రోజు దాకా ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అడ్డు చెప్పలేదు. పదో రోజున మాత్రం ఉత్తరం వస్తుంది. శ్రీను అన్న వాళ్ల ఇంటి ముందున్నది కూడా మీరే వెళ్లి పీకండి, పెట్టింది మీరే కదా.